వెనక గదిలో చిమ్మట

మా పిన్నికి ఒక అలవాటుంది. ఎక్కడైనా ఒక వెంట్రుక కనిపిస్తే, అది బస్సు సీటు మీదున్నా ఎవరి భుజం మీదున్నా సరే, తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా రుద్దుతుంది. వెంట్రుక కాసేపు అక్కడే మెదిలి, తర్వాత ఒక పక్కకి జరగడం మొదలుపెడుతుంది. ఎప్పుడూ మొదలు వైపుకే జరుగుతుంది. దాని ఒంటి నిండా కంటికి ఆనని పొలుసులుంటాయి, అన్నీ కొస వైపు వాలి. "ఇటు మొదలు, ఇటు కొస" అని తనలో తను అనుకుని అప్పుడు పారేస్తుంది. భుజం తమదైతే మాత్రం పక్కవాళ్ళు కొంచెం కంగారు పడతారు.

పిన్ని విగ్గులు అల్లుతుంది. మొదట్లో సవరాలు కట్టేది, పల్చబడిన జడల్లో కలిపి అల్లుకునే జుట్టు పాయలు. అందుకే వీధిలో అందరికీ ఆమె సవరాల పిన్ని. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాడైన టీ కొట్టాయన కూడా "సవరాల పిన్నీ, చక్కెర తక్కువేనా?" అంటాడు. ముందు గదిలో కిటికీ పక్కన ఆమె బల్ల. బల్ల మీద చెక్క తలకాయ, దానికి తొడిగిన సన్నటి వల, చేతిలో కొక్కెం ఉన్న సూది. ఒక్కో వెంట్రుకనీ వల కంట్లోంచి లాగి ముడి వేయాలి. ఒక తల నిండడానికి వారాలు పడుతుంది. అన్ని వెంట్రుకలూ ఒకే దిక్కుకి ఉండాలి. కొన్ని తిరగబడినా చాలు, వాటి పొలుసులు పక్కవాటిని పట్టుకుని మొత్తం తలంతా పిచ్చుక గూడవుతుంది.

వెనక గదిలో అరల నిండా జుట్టు, తయారైన విగ్గులు, దువ్వెనలు, బ్రష్షులు. అదే గదిలో గోడవారగా పిన్ని అత్తగారి మంచం. అత్తగారికి చెవులు పోయి చాలాకాలమైంది. కళ్ళు మాత్రం చురుకు. బాబాయి సామాను వ్యాను నడుపుతాడు, ఇంట్లో ఉన్నప్పుడు నోరు నడుపుతాడు.

పిన్ని పనిలో ఒక కట్టుబాటు ఉండేది. బయటి జుట్టు ఏదైనా ముందు పెరటి కుళాయి దగ్గర సబ్బు వేడినీళ్ళలో మునగాలి, ఆ తర్వాతే గడప దాటాలి. పని నేర్పినావిడ పెట్టిన కట్టుబాటు అది. పిన్ని దాన్ని ఒక్కసారే తప్పింది.

ఆ జుట్టు ఒక డ్రిల్లు టీచరుది. రొమ్ములో గడ్డ అని తేలింది. మందు ఎక్కిస్తే జుట్టంతా రాలిపోతుందని డాక్టరు చెప్పగానే, రాలేదాకా ఎదురుచూడటం ఇష్టంలేక నడుము దాటిన జడని తనే కత్తిరించుకుంది. మొదటి మందు ఎక్కించాక, కొన్ని వారాలకి, తలకి గుడ్డ కట్టుకుని అక్కని వెంటబెట్టుకుని వచ్చింది. జడ అక్క సంచిలో ఉంది, తెల్లగుడ్డలో చుట్టి.

"దీన్ని కడక్కండి," అంది అక్క గుడ్డ విప్పకముందే.

"కడక్కుండా లోపల పెట్టనమ్మా నేను."

"పని మొదలుపెట్టే రోజు కడుగుదురుగాని. అప్పటిదాకా ఇలాగే ఉండనివ్వండి. చిన్నప్పట్నుంచీ దానికి నూనె రాసింది నేనే. ఆ వాసన ఇంకా ఉంది."

"మా అక్క సంగతి అంతేనండి," అంది టీచరు. "నాకు నలభై దాటినా, రోజూ నన్ను బడికి పంపిస్తున్నట్టే ఉంటుంది దానికి." తర్వాత పిన్ని వైపు తిరిగి గొంతు మార్చింది. గ్రౌండులో పిల్లల్ని వరసలో నిలబెట్టే గొంతు కాబోలు. "నాది ఒకటే షరతు. ఇందులో నా జుట్టే ఉండాలి. వేరేవాళ్ళది ఒక్క వెంట్రుక కూడా కలపొద్దు. సెలవులయ్యాక బడి తెరిచే రోజుకి నేను గ్రౌండులో ఉండాలి. పిల్లలు నన్ను వెనక నుంచే ఎక్కువ చూస్తారు. వాళ్ళకి నేనంటే ఒక ఈల, ఒక జడ. ఈల నా దగ్గరే ఉంది."

పిన్ని తల కొలతలు తీసుకుంది. అప్పటికి ఒక నాటక కంపెనీ వాళ్ళ రాజులకీ రాక్షసులకీ జుట్టు కడుతోంది. అది అవగానే దీన్ని మొదలుపెడతానంది. అక్క ముఖం చూసి, కడక్కుండానే జడని తెల్లగుడ్డతో సహా ఒక పాత రేకు డబ్బాలో పెట్టి వెనక గదిలో అన్నిటికన్నా కింది అరలో, చీకట్లో, ఎవరి చెయ్యీ తగలని చోట ఉంచింది. ఆ ఇంట్లో అంతకన్నా భద్రమైన చోటు లేదనుకుంది.

వేసవి ముదిరాక ఒకరోజు అత్తగారు మంచం మీంచి కేకేసింది.

"అమ్మాయ్, ఈ గదిలో చిమ్మట చేరిందే."

పిన్ని నోట్లో సూది ఉంది. తీసి, "ఎక్కడుంది అత్తయ్యా?" అని అరిచింది.

"ఈ అరల్లోనే ఎక్కడో. మధ్యాహ్నం పూట ఉంటోంది."

పిన్ని వెళ్ళి గది మధ్యలో నిలబడి చెవులు రిక్కించింది. ఏమీ వినపడలేదు. తిరిగొచ్చి పనిలో పడింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పిన్ని పుట్టింట్లో చిమ్మటంటే కీచురాయి, సందుల్లో దూరి కీమని అరిచేది. అత్తగారి పుట్టింట్లో చిమ్మటంటే బట్టలు కొట్టే చిన్న రెక్కల పురుగు. నోరే లేనిది. ఇద్దరూ ఒకే పొయ్యి మీద అన్నేళ్ళు వండుకున్నా, ఆ ఒక్క మాట ఏనాడూ వాళ్ళ మధ్యకి రాలేదు. వచ్చిన రోజు ఎవరి అర్థం వాళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు.

బాబాయికి ఇది దొరికింది. "విన్నారా? చెవిటివాడి ముందు శంఖం ఊదితే వినపడదు గానీ, మా అమ్మకి చిమ్మట వినపడుతోంది," అని వీధి వీధంతా చెప్పాడు. టీ కొట్టాయన రోజూ "ఏం పిన్నీ, మీ అత్తగారు ఇవాళ ఏ రాగం విన్నారు?" అనేవాడు. నాటక కంపెనీ మేకప్ మనిషి విగ్గులు తీసుకోవడానికి వచ్చి, వెనక గది గుమ్మంలో నిలబడి ముసలావిడకి దణ్ణం పెట్టి మరీ నవ్వాడు. ఆవిడకి ఏమీ వినపడలేదు. నవ్వుతున్నారని మాత్రం కనపడింది. ఇంకోసారి చెప్పింది, మరోసారి చెప్పింది. తర్వాత "చెప్పాల్సింది చెప్పాను, మీ ఖర్మ," అని గోడ వైపు తిరిగి పడుకుంది.

నాటకం పని అయిపోయింది. పిన్ని టీచరు కొలతలకి వల కుట్టడం కూడా పూర్తిచేసింది. జడ తీసే ముందు బ్రష్షు సిద్ధం చేసుకుందామని వెనక గదిలోకి వెళ్ళింది. పందివెంట్రుకల బ్రష్షు అది, గట్టిది, ఆమె పనిలోకి వచ్చిన కొత్తల్లో కొన్నది. చేతిలోకి తీసుకుంటే ఒక మూల బోడిగా ఉంది. మిగిలిన వెంట్రుకల మొదట్లో సాలెగూడు లాంటి తెల్లటి పొర, దానిమీద ఇసుక లాంటి గింజలు.

అరచేత్తో దులిపింది. బ్రష్షు కిందనుంచి ఏదో పరుగెత్తింది. ఎగరలేదు. బియ్యపుగింజలో సగం ఉంటుంది, ఎండుగడ్డి రంగు, కొంచెం బంగారు మెరుపు, రెక్కల అంచులకి సన్నటి కుచ్చుల్లాంటి నూగు. కిటికీ వెలుతురు పడగానే చీకటి పక్కకి తిరిగి పరుగెత్తింది. పిన్ని దాన్ని గాజుగ్లాసు కింద మూసింది.

"ఏమండీ, ఇటు రండి. ఈ పురుగు కూడా విగ్గు పెట్టుకుంది."

నిజమే. దాని తల మీద ఎర్రటి జుట్టు కుచ్చొకటి నిక్కబొడుచుకుని ఉంది. బాబాయి వంగి చూసి, "మన గిరాకీయే అయితే," అన్నాడు.

మంచం మీద అత్తగారు లేచి కూర్చుంది. గ్లాసు వైపు చూసి, "చిమ్మటకి అలాగే ఉంటుంది," అంది.

"ఏమన్నారు?"

"అదేనే, చిమ్మట. నెత్తిన ఎర్ర జుట్టు. అప్పట్నుంచీ మొత్తుకుంటుంటే అందరూ వచ్చి పళ్ళికిలించి పోయారు."

బాబాయి నవ్వబోయి ఆగిపోయాడు. పిన్ని ముఖంలో రక్తం లేదు. ఆమె చూపు అరల మీద పైనుంచి కిందికి దిగుతూ వచ్చి, కింది అర దాకా రాకుండానే ఆగిపోయింది.

ఎగురుతూ కనపడే ఈ పురుగు ఏమీ తినదు. దానికి తినే నోరే లేదు. ఉన్న కొద్ది వారాలూ జత కోసం వెతుక్కుని పోతుంది. గాల్లో తిరిగేవి ఎక్కువగా మగవి. ఆడది కడుపు బరువుతో నేలని పట్టుకుని పరుగెడుతుంది. ఉన్ని, ఈక, వెంట్రుక, ఏది దొరికితే దాని పోగుల మధ్య సూదిమొన కన్నా చిన్న గుడ్లని జిగురుతో అంటిస్తుంది. తినేదంతా వాటిలోంచి వచ్చిన పిల్లపురుగే. పాలరంగు ఒళ్ళు, గోధుమరంగు తల. నోటి నుంచి పట్టు తీసి తన చుట్టూ గొట్టంలా అల్లుకుని, అందులోంచి తల మాత్రం బయటపెట్టి కొరుకుతుంది. చాలా ప్రాణులకి అరగని వెంట్రుక దీనికి అరుగుతుంది. చెమటా నూనే అంటిన వెంట్రుకైతే మరీ ఇష్టం. కడిగిన దానితో దానికి కడుపు నిండదు. దీనికి వెలుతురు గిట్టదు, కదలిక గిట్టదు. తిండి సరిపోకపోతే ఏడాది దాటి కూడా పిల్లపురుగుగానే ఉండిపోగలదు, సమృద్ధిగా దొరికితే ఒక్క వేసవిలోనే రెక్కలు తెచ్చుకుంటుంది. మిగతా పురుగుల్లా దీపం దగ్గరికి రాదు కాబట్టి, ఇంట్లో ఉన్నట్టు మనిషికి తెలిసేసరికి అది తినాల్సింది తినేసి ఉంటుంది.

పిన్నికి ఇదంతా తెలుసు. పని నేర్పినావిడ చెప్పింది. ఆవిడ మాత్రం దాన్ని ఉన్నిపురుగు అనేది.

ఆ పూటే గది ఖాళీ చేయడం మొదలుపెట్టారు. విడి జుట్టు కట్టలన్నీ వేడినీళ్ళలో పడ్డాయి. కానీ తయారైన విగ్గుల్ని వేడినీళ్ళలో వేస్తే వలా జిగురూ పోతాయి. వాటికి చలే మందు, అదీ గడ్డకట్టే చలి, వారాల తరబడి. బాబాయి అన్నీ ప్లాస్టిక్ సంచుల్లో కట్టి వ్యానులో వేసుకుని, ఐస్‌క్రీము గోదాము నడిపే స్నేహితుడి దగ్గరికి వెళ్ళాడు.

"ఏంట్రా ఇవి?" అన్నాడు ఆయన.

"తలకాయలు."

"నేను అడిగేది సరిగ్గా చెప్పు."

"విగ్గులురా. పురుగు పట్టింది. నీ ఫ్రీజరులో ఓ మూల పెట్టుకో."

"నీకు మతుందా? ఐస్‌క్రీములో ఒక్క వెంట్రుక వస్తేనే జనం కొట్టుకు చస్తారు. నువ్వు బస్తాలు తెచ్చావు."

"రెండేసి సంచులు కట్టానురా. పాడైపోయిన పాత ఫ్రీజరు ఒకటుందన్నావు కదా, బాగుచేయించానని. దాంట్లో పెట్టు. మీ నాన్న పోయేదాకా పెట్టుకున్న విగ్గు ఎవరిదిరా?"

ఆయన తాళం తీశాడు.

గదిని సబ్బునీళ్ళతో కడిగారు, అరల సందుల్లో వేడినీళ్ళు పోశారు, మంచం కూడా ముందు గదిలోకి మార్చారు. కింది అరలో రేకు డబ్బా ఒక్కటే మిగిలింది. పిన్ని దాని చుట్టూ తుడిచింది. దాని మీద తుడిచింది. మూత జోలికి పోలేదు. డబ్బాకి మూత ఉందనీ, అన్నిటికన్నా భద్రంగా ఉన్నది అదేననీ రెండుసార్లు పైకే అంది. ఎవరూ అడగలేదు.

గది కడిగిన మర్నాడు, ఖాళీ గోడ మీద ఇంకో గడ్డిరంగు పురుగు. ఆ మర్నాడు ఇంకోటి.

అత్తగారు గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. "గదిలో ఇంక తినడానికేముందే? ఆ డబ్బా తీయవేం?"

"తీస్తాను అత్తయ్యా."

"ఆఁ?"

"తీస్తానంటున్నాను."

ఆవిడకి వినపడిందో లేదో. పిన్ని నేల మీద కూర్చుని డబ్బా ఒళ్ళోకి తీసుకుంది. మూత ఒక పక్క సొట్టపోయి, వేలి మందం సందుంది. ఇన్నాళ్ళూ ఆ సందు ఆమె కంటపడలేదు. మూత తీసింది. తెల్లగుడ్డ మీద నల్లటి ఇసుక. తిన్నది ఏ రంగో దీని మలం కూడా అదే రంగులో ఉంటుంది. గుడ్డ విప్పితే జడ జడలాగే కనపడింది, నిండుగా, నూనె వాసనతో. పిన్ని ఊపిరి వదిలింది. తర్వాత జడని పై చివర పట్టుకుని ఎత్తింది. పై చివర మాత్రమే చేతిలోకి వచ్చింది.

మెడ దగ్గర నూనె, చెమట ఎక్కువగా పట్టి ఉండే చోటే అవి తిన్నాయి. మిగిలిన జడ ఒళ్ళో విచ్చుకుపోయింది. పొడుగువీ పొట్టివీ, మొదళ్ళూ కొసలూ అన్నీ కలిసి జారాయి. మధ్యలో గొట్టాలు, కొన్ని ఖాళీవి, కొన్ని కదులుతున్నవి. ఆ గొట్టాల్లో పట్టుతో పాటు నల్ల వెంట్రుక ముక్కలు, వాటితో పాటు అక్కడక్కడా సన్నటి నీలం రంగు ఉన్ని పోగులు.

మా పిన్ని ఇంట్లో నీలం రంగు ఉన్ని ఏదీ లేదు. పిన్ని ఆ పోగుల్ని చాలాసేపు చూసింది. వేరే కాగితంలో మడిచి పెట్టింది. చిమ్మట ఎక్కడి నుంచో ఎగిరి తన అరల్లోకి రాలేదు. ఈ జడలో గుడ్డుగా వచ్చి, ఇక్కడ పెరిగి, ఇక్కడి నుంచే బ్రష్షుకి పాకింది. ఆమె అన్నిటినీ కాపాడుకుంటూ వచ్చింది దీని నుంచే, దీన్ని మాత్రం అన్నిటి నుంచీ కాపాడుతూ.

మిగిలిన జుట్టుని చిన్న చిన్న కట్టలు కట్టి, ఎంత వేడి పట్టగలదో అంత వేడినీళ్ళలో ముంచింది. నీళ్ళు నల్లబడ్డాయి. నూనె వాసన ఆవిరితో పైకి లేచి పోయింది.

బడి తెరవడానికి ఇంకా నెల పైన కొంచెం ఉంది. ఆరబెట్టిన జుట్టుని బల్ల మీద పరిచి పిన్ని లెక్క కట్టుకుంది. నిండు జడకి చాలదు. భుజాల దాకా రావచ్చు, అదీ తెగిన ముక్కలు కూడా కలిస్తే. తెగిన ముక్కల్లో ఏది మొదలో ఏది కొసో ఒక్కొక్కటీ వేళ్ళతో రుద్ది తేల్చాలి. తేల్చాక అల్లాలి. ఇద్దరు మనుషుల పని.

బాబాయి లోపలి నుంచి ఒక పాయ తెచ్చి ఆ జుట్టు పక్కన పెట్టాడు. ఏదో ఊరి నుంచి వచ్చిన జుట్టు, అదే నలుపు, అదే మందం.

"పక్కపక్కన పెడితే నాకే తేడా తెలియట్లేదు," అన్నాడు.

"మీకు ఎప్పుడు తెలిసింది గనక."

"అది కాదోయ్. నువ్వు తప్ప ఎవరు పోల్చుకుంటారు?"

"నేను పోల్చుకుంటాను."

"పెట్టుకునేది నువ్వు కాదు కదా." మెల్లగా అన్నాడు. "ఆవిడ అసలే జబ్బు మనిషి. నిండు జడ చూసుకుంటే సంతోషిస్తుంది. అది పాపమా?"

ఆ పాయ సాయంత్రం దాకా బల్ల మీదే ఉంది. మధ్యలో ఒకసారి పిన్ని దాంట్లోంచి ఒక వెంట్రుక తీసి వలకి ముడి కూడా వేసింది. దూరం నుంచి చూసింది, దగ్గర నుంచి చూసింది. బాబాయి చెప్పింది నిజమే. దీపాలు పెట్టే వేళకి కత్తెర తీసుకుని ఆ ముడిని కోసేసి, పాయని లోపల పెట్టేసింది. మర్నాడు పొద్దున్నే చీర మార్చుకుని, జుట్టు కట్టల్ని సంచిలో పెట్టుకుని టీచరు ఇంటికి బయల్దేరింది.

టీచరు వరండాలో కుర్చీలో ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి, కనుబొమలు కూడా రాలిపోయాయి. అక్క స్టూలు తెచ్చి వేసింది. పిన్ని కూర్చోలేదు.

"మీ జడకి పురుగు పట్టింది," అంది. చిమ్మట అనలేదు. "బట్టలు కొట్టే పురుగు. గడ్డిరంగుది, తల మీద ఎర్రటి కుచ్చు ఉంటుంది. సగం తినేసింది. మిగిలింది తెచ్చాను."

అక్కకి అర్థం కావడానికి క్షణం పట్టింది. "తినేయడమేంటి? మీ దగ్గర భద్రంగా ఉంటుందనే కదా ఇచ్చింది. మీరు చూసుకోరా? ఏం చేశారండీ మా చెల్లి జుట్టుని?"

"చూసుకోలేదు. కడగాల్సింది, కడగలేదు."

"అంటే కడగొద్దన్నాననా? నా మీద పెడుతున్నారా?"

"లేదమ్మా. మీరు అడిగారు. ఒప్పుకుంది నేను."

అక్క ఇంకా ఏదో అనబోయింది. టీచరు చెయ్యి ఎత్తింది. "చూపించండి," అంది.

పిన్ని కట్టల్ని ఆమె ఒళ్ళో పెట్టింది. టీచరు ఒకదాన్ని ఎత్తి బరువు చూసినట్టు పట్టుకుంది. పక్కన అక్క ముక్కు తుడుచుకుంది.

"జడ రాదు," అంది టీచరు.

"రాదు. భుజాల దాకా వస్తుంది, అన్ని ముక్కలూ పనికొస్తే."

"వేరేది కలిపారా?"

"లేదు."

"కలిపితే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు," అంది పిన్ని.

టీచరు ఆమెని కళ్ళెత్తి చూసింది. "బడి తెరిచేలోపు అవుతుందా?"

"మీకు మాట ఎలా..."

"మాట ఇవ్వమనట్లేదు. అవుతుందా అని అడుగుతున్నాను."

"నేనొక్కదాన్నే చేస్తే అవదు."

"మా అక్క ఖాళీగానే ఉంటుంది," అంది టీచరు. అక్క లోపలికి వెళ్ళిపోయి తలుపు వేసుకుంది.

పిన్ని ఇంటికొచ్చి ఒక్కతే మొదలుపెట్టింది. పొద్దంతా ముక్కల్ని వేళ్ళ మధ్య రుద్దడం, మొదళ్ళు ఎడమకి, కొసలు కుడికి. రెండో రోజుకి వేళ్ళ చర్మం నున్నబడి వెంట్రుక జరగడం మానేసింది. సుద్దపొడి అద్దుకుని మళ్ళీ మొదలుపెట్టింది. వారం గడిచేసరికి బల్ల మీద తేలినవాటి కన్నా తేలనివే ఎక్కువ కనపడుతున్నాయి. బాబాయి ఓ పూట కూర్చున్నాడు గానీ ఆయన స్టీరింగు చేతులకి వెంట్రుక ఉన్నట్టే తెలియదు. అత్తగారు "నేను చూస్తానే," అని కూర్చుంది, ఆవిడ వేళ్ళు వణికాయి. అయినా కట్టల్లో ఎక్కడైనా పురుగు మెదులుతుందేమోనని పక్కన కాపలా కూర్చోవడం మానలేదు. ఇప్పుడు ఆవిడ ఏదైనా అంటే ఇంట్లో అందరూ లేచి వెళ్ళి చూసేవాళ్ళు.

ఆ వారం చివర్లో టీచరు అక్క వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది. చేతిలో బిగించి కట్టిన ప్లాస్టిక్ సంచి, అందులో నీలం రంగు స్వెట్టరు.

"మీరు చెప్పిన పురుగుని నేను చూశాను," అంది. "మా బీరువాలో. రెండు చేతులతో కొట్టి చంపేశాను కూడా. ఒకటే కదా అనుకున్నాను." సంచి పైకెత్తి చూపించింది. స్వెట్టరు ముందంతా జల్లెడలా ఉంది. "జడని మీకిచ్చేదాకా దీని మీదే పెట్టాను. మెత్తగా ఉంటుందని."

పిన్ని లేచి వెళ్ళి కాగితం మడత తెచ్చి విప్పింది. నీలం పోగులు.

"మీకు ముందే తెలుసా?"

"డబ్బా తీసిన రోజే తెలిసింది."

"మరి ఆ రోజు నేను అన్ని మాటలంటుంటే చెప్పలేదేం?"

"మీ చెల్లెలి ఎదురుగా చెప్పి ఏం చేయాలమ్మా? పైగా గడప దాటించింది నేను."

అక్క సంచి కిందికి దించింది. "లోపలికి రావొచ్చా?" అంది.

"స్వెట్టరు బయట పెట్టి రండి."

ఆ రోజు నుంచీ ఆమె రోజూ వచ్చింది. మొదట్లో పని రాలేదు. మొదలనుకున్నది కొస అయ్యేది, పిన్ని తీసి మళ్ళీ ఆమె ముందే వేసేది. "అమ్మా, ఇది తలకిందులు." "ఇదీనా?" "అదీ." ఓ రోజు విసిగిపోయి, "నా కంటికి రెండు చివర్లూ ఒకటే," అంది. "కంటికి కాదమ్మా, వేలికి," అంది పిన్ని. ఇంకో రెండు రోజులకి ఆమె కళ్ళు మూసుకుని రుద్దడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పిన్ని వెనక్కి వేయడం తగ్గింది. ఇద్దరి మధ్య మాటలు పెద్దగా లేవు. చిన్నప్పుడు చెల్లెలికి జడ వేస్తుంటే అది ఎలా పరుగెత్తిపోయేదో ఒకసారి చెప్పింది, సగం జడతో వీధిలోకి.

టీచరు కూడా ఒక మధ్యాహ్నం వచ్చి కూర్చుంది. ఒక వెంట్రుక వేళ్ళ మధ్య పెట్టి చాలాసేపు రుద్దింది. "జరుగుతోందో లేదో తెలియట్లేదండీ. ఆ మందు పడ్డప్పట్నుంచీ వేలికొసలు మొద్దుబారాయి." అక్క ఆమె చేతిలోంచి ఆ వెంట్రుక తీసుకుని, వేళ్ళ మధ్య ఒకసారి రుద్ది, చూడకుండానే మొదలు ఎడమకి వచ్చేలా పెట్టింది.

పిన్ని అల్లుతూ పోయింది. మెడ దగ్గర పొట్టి ముక్కలు, చెవుల మీద కొంచెం పొడుగువి, నడినెత్తి మీద మిగిలిన పొడుగు జుట్టంతా. బడి తెరవడానికి ముందురోజు ఉదయానికి ఇంకా పాపిట దగ్గర అరచేతంత వల ఖాళీగా ఉంది. పరిచిన జుట్టులో చారెడు మిగిలింది. సరిపోతుందో లేదో పిన్నికి తెలియలేదు. వల ఒక్కో కంట్లో రెండు వెంట్రుకలు వేయాల్సిన చోట ఒకటే వేస్తూ వచ్చింది. పాపిట దగ్గర అలా వేస్తే నెత్తి మీది చర్మం కనపడుతుంది, అయినా తప్పలేదు. టీచరు అప్పటికే వచ్చి కుర్చీలో కూర్చుంది. బాబాయి వ్యాను తాళాలు చేతిలో తిప్పుతూ ఉంటే పిన్ని తలెత్తకుండానే "ఏమండీ," అంది. ఆయన తాళాలు జేబులో వేసుకున్నాడు.

ఆఖరి ముడి పడ్డాక బల్ల మీద వెంట్రుకలు ఏమీ మిగల్లేదు.

పిన్ని దాన్ని టీచరు తల మీద పెట్టి, మెడ వెనక సర్దింది. టీచరు అద్దంలోకి చూసుకోలేదు. "వెనక నుంచి చూపించండి," అంది. అక్క ఒక అద్దం వెనక పట్టుకుంది, పిన్ని ఒకటి ముందు పట్టుకుంది. టీచరు భుజాల మీద ఆగిపోయిన జుట్టుని అలాగే చూసింది.

"చిన్నదైపోయింది," అంది.

"అవును," అంది పిన్ని.

"పాపిట పల్చగా ఉంది."

"జుట్టు అయిపోయిందండీ."

"నాకు అక్కడ ముందు నుంచీ పల్చనే." మెడ అటూ ఇటూ తిప్పింది. జుట్టు తిరిగింది, చిక్కుపడకుండా మళ్ళీ చోటికి వచ్చింది. తల ఒక్కసారి గట్టిగా విదిలించింది. గ్రౌండులో అలవాటేమో. అక్క ఉలిక్కిపడి పట్టుకోబోయింది. అది కదల్లేదు.

అక్క వంగి వాసన చూసింది. "సబ్బు వాసన," అంది.

"రెండు చుక్కలు నూనె రాయొచ్చు," అంది పిన్ని. "అరచేతికి రాసుకుని, పైపైన. రాత్రి తీసేటప్పుడు తుడిచేయాలి."

అక్క సంచిలోంచి సీసా తీసింది. తెచ్చుకునే వచ్చింది. టీచరు కళ్ళు మూసుకుని తల వంచింది.

మర్నాడు టీచరు బడికి వెళ్ళింది. ఏడాది తిరిగేసరికి సొంత జుట్టు కత్తిరించుకునేంత వచ్చింది. పిన్నికి చూపు తగ్గింది. నల్ల వల మీద నల్ల వెంట్రుక ఇప్పుడు ఆమెకి కనపడదు, అందుకని నెరిసిన జుట్టు పని మాత్రమే చేస్తుంది. నల్ల జుట్టు పనంతా టీచరు అక్క చేస్తోంది. పక్క బల్ల ఆమెది.